పిల్లాపాపలతో కొండల్లో జిప్‌లైన్: హైదరాబాద్ కుటుంబాల కోసం సమగ్ర మార్గదర్శి

వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయంటే మన ఇళ్లల్లో ఒకటే చర్చ. ఈసారి మున్నారా, మనాలీనా, అరకా? ఈ మధ్య ఆ చర్చలో ఎత్తున కట్టిన ఉక్కు తాడుకి వేలాడుతూ జారే జిప్‌లైన్ కూడా చేరింది. ఫోన్లో నాలుగు వీడియోలు చూసి పిల్లలు ముందే మాట తీసేసుకుంటారు. తీరా అంత దూరం వెళ్లి, ఎండలో క్యూలో నిలబడ్డాక కౌంటర్ దగ్గర చిన్నదాన్ని తూకం మీద నిలబెట్టి "బరువు చాలదండీ" అంటారు. అన్నయ్య ఎక్కుతాడు, చెల్లెలు ఏడుస్తుంది, ఆ పూటంతా పాడవుతుంది.

కుటుంబంతో వెళ్లేవాళ్లకి నేను చెప్పే మొదటి మాట ఇది: ఇంట్లో అందరికంటే తేలికగా ఉన్నవాళ్లనీ, అందరికంటే భయపడేవాళ్లనీ చూసి లైన్ ఎంచుకోండి. అందరికంటే ధైర్యవంతుణ్ణి చూసి ఎంచుకుంటే మిగతావాళ్లు కింద కూర్చుని బ్యాగులు కాయాల్సి వస్తుంది. ప్రయాణం టికెట్ల దగ్గర్నుంచి లైన్ మీద నిలబడేదాకా ఏ నిర్ణయానికైనా ఈ మాటే ఆధారం.

ముందు ఇంట్లో తూకం

హోటల్ బుక్ చేయకముందే అందరి బరువూ, పిల్లల ఎత్తూ రాసి పెట్టుకోండి. బూట్లు వేసుకుని తూచుకోండి, అక్కడా అలాగే తూస్తారు. ఒక్కో లైనుకి ఒక్కో పరిమితి ఉంటుంది. కొన్నిచోట్ల 25 కిలోల పిల్లలను కూడా పంపుతారు, కొన్నిచోట్ల 40 కిలోలుంటే తప్ప ఎక్కనివ్వరు. పైన కూడా హద్దు ఉంటుంది, బాబాయి బరువు వందకి దగ్గరగా ఉంటే అది కూడా ముందే అడిగి తెలుసుకోవాలి.

తక్కువ బరువుంటే ఎందుకు వద్దంటారో పిల్లలకి ఇంట్లోనే అర్థమయ్యేలా చెప్పండి. జిప్‌లైన్‌కి ఇంజన్ ఉండదు. పైనున్న ప్లాట్‌ఫాం నుంచి కిందనున్న ప్లాట్‌ఫాంకి వాలుగా కట్టిన ఉక్కు తాడు మీద చక్రాల ట్రాలీ జారుతుంది, అంతే. కేబుల్ మధ్యలో కాస్త కిందికి వంగి ఉంటుంది కాబట్టి చివరి భాగంలో దాదాపు సమతలంగానో, కొంచెం ఎగువకో వెళ్లాలి. బరువున్న మనిషి ఆ ఊపుతో అవతలికి చేరతాడు. తేలికైన పిల్లలని ఎదురుగాలి, చక్రాల రాపిడి కలిసి ఆపేస్తాయి. అప్పుడు పిల్ల లోయ మీద మధ్యలో వేలాడుతుంది. బరువు నిబంధన అందుకే. అలాంటి చిన్నపిల్లల కోసం గైడ్ కలిసి వచ్చే పద్ధతి కొన్నిచోట్ల ఉంటుంది, 'టాండెమ్' అంటారు. మీరు ఎంచుకున్నచోట అది ఉందో లేదో ముందే కనుక్కోండి.

బరువుతో పాటు ఆరోగ్యం కూడా చూసుకోవాలి. గర్భిణులు, గుండె జబ్బున్నవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు, ఫిట్స్ వచ్చేవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు, వెన్ను, మెడ నొప్పులున్నవాళ్లు ఎక్కకూడదు. ఆస్తమా ఉన్న పిల్లలైతే డాక్టరు గారిని అడిగి, ఇన్హేలర్ గైడ్ చేతికి కాకుండా అవతలి ప్లాట్‌ఫాం మీద ఉండే మీ మనిషి చేతికి ఇవ్వండి.

ఎక్కడికి వెళ్లాలి, ఎప్పుడు వెళ్లాలి

మొదటిసారి వెళ్లే కుటుంబానికి నా ఓటు విశాఖ వైపే. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి అక్కడుంటారు. పగలు వెళ్లాలంటే 2023 సంక్రాంతికి మొదలైన సికింద్రాబాద్-విశాఖ వందే భారత్ ఉంది. కైలాసగిరి మీద జిప్‌లైన్, గాల్లో కట్టిన తాడు మీద సైకిల్ తొక్కే స్కై సైక్లింగ్ ఉన్నాయి. కింద సముద్రం, పక్కన కొండ, ఊరు దగ్గర్లోనే, అవసరమైతే ఆసుపత్రి కూడా దగ్గరే. మాట్లాడేవాళ్లంతా తెలుగువాళ్లే కాబట్టి అమ్మమ్మ కూడా గైడ్‌ని తన సందేహాలన్నీ తీరేదాకా అడగొచ్చు. దీన్ని తేలిగ్గా తీసుకోకండి, భయపడే మనిషికి తన భాషలో చెప్పే గైడ్ దొరికితే సగం టెన్షన్ అక్కడే పోతుంది. మర్నాడు అరకు వెళ్లొచ్చు. విశాఖ నుంచి సుమారు 115 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు.

మున్నార్ అయితే కొచ్చి దాకా విమానం, అక్కడి నుంచి కారులో నాలుగైదు గంటలు. టీ తోటల మీదుగా వెళ్లే లైన్లు చూడముచ్చటగా ఉంటాయి. కానీ కేరళలో జూన్ మొదట్లోనే నైరుతి రుతుపవనాలు దిగుతాయి, ఏప్రిల్, మే నెలల్లో కూడా మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన పడుతుంది. అందుకని అక్కడ ఉదయం స్లాటే తీసుకోండి.

మనాలి దగ్గర సోలాంగ్ లోయ సుమారు 2,500 మీటర్ల ఎత్తున ఉంటుంది. హైదరాబాద్ దాదాపు 500 మీటర్ల ఎత్తులో ఉంది. అంత తేడా ఉన్నచోటికి చేరిన రోజే ఏదో ఒకటి ఎక్కాలని పరుగెత్తకండి. మొదటి రోజు మాల్ రోడ్డు మీద తిరగండి, బాగా నీళ్లు తాగండి, నిద్రపోండి. అక్కడి రోహ్‌తాంగ్ కనుమ ఎత్తు దాదాపు 3,978 మీటర్లు. అక్కడికి వెళ్లొచ్చిన సాయంత్రం తలనొప్పితో ఉన్న పిల్లను జిప్‌లైన్ మీదికి పంపడం తప్పు. ఆ రెండూ వేర్వేరు రోజులకి పెట్టుకోండి.

తాతయ్య, నానమ్మ కూడా వస్తుంటే రిషికేశ్ మంచిది. డెహ్రాడూన్ విమానాశ్రయం నుంచి దగ్గర, పెద్ద ఎత్తేమీ కాదు, పిల్లలు గంగ మీదుగా జిప్‌లైన్ చేసే పూట పెద్దవాళ్లు ఘాట్ల దగ్గర హాయిగా గడపొచ్చు. ఢిల్లీ, జైపూర్ తిరిగే ఉద్దేశం ఉన్నవాళ్లు ఆరావళి కొండల్లోని నీమ్రానా కోట గురించి కనుక్కోవచ్చు. మన దేశంలో జిప్‌లైన్ టూర్లు మొదలైన తొలి చోట్లలో అదొకటి, 2009లో అక్కడ మొదలుపెట్టారు. దుబాయ్ వెళ్లినప్పుడు రాస్ అల్ ఖైమాలోని జెబెల్ జైస్ లైన్ గురించి పిల్లలు అడుగుతారు. పొడవు 2.83 కిలోమీటర్లు, 2018లో ప్రపంచంలోనే అతి పొడవైనదిగా గిన్నిస్‌లోకి ఎక్కింది. అది మొదటిసారి ఎక్కేవాళ్ల కోసం కాదు.

దసరా సెలవులు దక్షిణాదికి బాగుంటాయి, కానీ అప్పటికి ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యే అవకాశం ఉంది. సంక్రాంతికి అరకు చలి, పొగమంచు అందంగా ఉంటాయి. పొగమంచు పూర్తిగా విడిచేదాకా లైన్ నడపరు, నడపకూడదు కూడా. ఇవతలి గైడ్‌కి అవతలి ప్లాట్‌ఫాం కనిపించాలి.

బయల్దేరే ముందు ఊళ్లోనే రిహార్సల్

పెద్దగా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఆదివారం పొద్దున్నే పిల్లల్ని గోల్కొండకి తీసుకెళ్లి బాలా హిసార్ దాకా ఎక్కించండి. పైనుంచి కిందికి చూసినప్పుడు ఎవరు గోడ దగ్గరికి పరుగెత్తుతున్నారో, ఎవరు మీ చెయ్యి గట్టిగా పట్టుకుంటున్నారో గమనించండి. చెయ్యి పట్టుకున్న వాళ్ల గురించే మీరు ప్లాన్ చేయాలి. ఆ తర్వాత ఊరి శివార్లలోని రిసార్టుల్లో, అడ్వెంచర్ పార్కుల్లో ఉండే చిన్న జిప్‌లైన్ మీద ఒకసారి పంపండి. నడుముకీ తొడలకీ కట్టే పట్టీల తొడుగు, అంటే హార్నెస్, తొడల మధ్య ఎలా పట్టేస్తుందో, ప్లాట్‌ఫాం అంచు నుంచి కాలు తీయడం ఎలా ఉంటుందో ఇక్కడే తెలిసిపోతుంది. వీడియోలో అర్థం కానిది ఆ ఒక్క అడుగే. అది ఒకసారి వేసిన పిల్లలు కొండల్లో కొత్తగా బెదరరు.

ఫోన్ చేసి ఏం అడగాలి

ధర అడగడం చివరికి పెట్టుకోండి. మొదట బరువు, ఎత్తు, వయసు పరిమితులు. తర్వాత, బ్రేక్ ఎలా పడుతుంది? చివర్లో స్ప్రింగో, అయస్కాంత బ్రేకో ఉందా, లేక ఎక్కినవాళ్లే గ్లౌజు చేత్తో కేబుల్ నొక్కి ఆపుకోవాలా? చేత్తో ఆపుకునే లైన్ చిన్నపిల్లలకి వద్దేవద్దు. అసలు బ్రేక్ పనిచేయకపోతే ఆపడానికి రెండోది ఉందా? ఇది అడిగినప్పుడు అవతలివాళ్లు తడుముకుంటే ఇంకోచోటు చూసుకోండి. మధ్యలో ఎవరైనా ఆగిపోతే ఎలా తీసుకొస్తారు? పిల్లల సైజు హార్నెస్‌లు ఉన్నాయా? వానో గాలో వచ్చి ఆపేస్తే డబ్బు వెనక్కిస్తారా, వేరే స్లాట్ ఇస్తారా?

రిజిస్ట్రేషన్ సంగతి కూడా అడగాలి. కేరళలో సాహస పర్యాటకం నడిపేవాళ్లని ఆ రాష్ట్ర అడ్వెంచర్ టూరిజం ప్రమోషన్ సొసైటీ రిజిస్టర్ చేస్తుంది. హిమాచల్‌లో సాహస క్రీడల కోసం 2017లో నియమాలు తెచ్చారు. కేంద్ర పర్యాటక శాఖ 2018లో దేశమంతటికీ భద్రతా మార్గదర్శకాలు విడుదల చేసింది. సర్టిఫికెట్ గోడకి తగిలించి ఉంటే దాని మీద తేదీ ముగిసిందో లేదో చూడండి.

మీ ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీ కూడా ఒకసారి చదవండి. చాలా పాలసీలు సాహస క్రీడల్లో జరిగిన ప్రమాదాలని మినహాయిస్తాయి, దానికోసం విడిగా కవర్ తీసుకోవాలి. ఇక అక్కడ సంతకం పెట్టమనే డిక్లరేషన్ ఫారం. చదివి పెట్టండి, ఆరోగ్య సమస్య ఉంటే దాచకుండా రాయండి. సంతకం పెట్టినంత మాత్రాన వాళ్ల నిర్లక్ష్యాన్ని ప్రశ్నించే హక్కు మీకు పోదు.

బట్టలు, జుట్టు, నగలు

ప్యాంటు మోకాళ్ల కిందికి ఉండాలి, లేకపోతే హార్నెస్ పట్టీలు తొడల మీద ఒరుసుకుంటాయి. బూట్లు కట్టుకునేవే వేసుకోండి, చెప్పులైతే లోయలో పడిపోతాయి. చీర కుదరదు. చున్నీ తీసి బ్యాగులో పెట్టేయాలి, నడుముకి చుట్టుకోవడం కూడా వద్దు. పొడుగు జడ ఉన్న ఆడపిల్లలకి జడని టీ షర్టు లోపలికి దోపండి. కొప్పు పెడితే హెల్మెట్ సరిగ్గా కూర్చోదు. వదులు జుట్టు ట్రాలీ చక్రాల్లో చిక్కుకోవడం నిజంగా జరిగే ప్రమాదం. నల్లపూసలు, గొలుసులు, పెద్ద జూకాలు హోటల్ గదిలోనే తీసేయండి. మంగళసూత్రం తీయరు కాబట్టి దాన్ని మెడ దగ్గరిదాకా బొత్తాలుండే చొక్కా లోపలికి వేసి, గైడ్‌కి చెప్పండి, పట్టీ దాని మీదికి రాకుండా సర్దుతారు. కళ్లజోడుకి వెనక తాడు కట్టండి. ఫోన్ ఇచ్చేయండి. వీడియో అవతలి ఒడ్డున ఉన్నవాళ్లు తీస్తారు.

ఆ పొద్దున పిల్లలకి రెండు ఇడ్లీలు చాలు, అదీ బయల్దేరడానికి గంటన్నర ముందు. ఘాట్ రోడ్డులో వాంతులయ్యే పిల్లలని ముందు సీట్లో కూర్చోబెట్టండి. కారు దిగీదిగగానే లైన్ ఎక్కించకుండా అరగంట నడిపించండి.

ప్లాట్‌ఫాం మీద: ఇక్కడే మీ కళ్లు పనిచేయాలి

జిప్‌లైన్ అంటే గాల్లో ఏమవుతుందోనని అందరి భయం. కానీ భద్రత అంతా కాలు తీయకముందే తేలిపోతుంది. 2025 ఏప్రిల్‌లో పుణె దగ్గర ఒక రిసార్టులో ఒక యువతి జిప్‌లైన్ మొదలుకాకముందే, హుక్ తగిలించే ప్రయత్నంలో ప్లాట్‌ఫాం మీదనుంచి పడి చనిపోయింది. ఆ వార్త చదివాక నేను అందరికీ ఒకటే చెబుతున్నాను. మెట్లెక్కి పైకి చేరగానే, అంచు దగ్గరికి వెళ్లకముందే మీ పట్టీ ఏదో ఒక గట్టి చోటికి తగిలించాలి. రెయిలింగ్ లేని అంచున, ఏ తాడూ లేకుండా పిల్లలను వరసలో నిలబెట్టే చోట టికెట్ డబ్బు పోయినా సరే, కిందికి దిగిపోండి.

ఇక ఒక్కొక్కటే చూడండి. హార్నెస్ నడుము పట్టీ తుంటి ఎముకల పైన ఉండాలి, ప్యాంటు బెల్టు దగ్గర కాదు. గట్టిగా కిందికి లాగితే జారకూడదు. తొడ పట్టీలో అరచెయ్యి చదునుగా దూరాలి, పిడికిలి మాత్రం దూరకూడదు. పదేళ్లలోపు పిల్లలకి తుంటి ఇంకా సరిగ్గా ఏర్పడి ఉండదు. తలకిందులైతే నడుము హార్నెస్ లోంచి జారిపోయే ప్రమాదం ఉంది, అందుకని వాళ్లకి భుజాల మీదుగా కూడా పట్టీలుండే ఫుల్ బాడీ హార్నెస్ అడగండి. పట్టీల కుట్లు వేళ్లతో తడమండి. దారాలు లేచి, అంచులు పీచులుగా ఉంటే మార్చమనండి. హార్నెస్ లోపలివైపు చిన్న లేబుల్ కుట్టి ఉంటుంది, దానిమీద తయారైన సంవత్సరం చూడండి. బట్టతో చేసిన పరికరాలకి ప్రసిద్ధ కంపెనీలు ఎంత జాగ్రత్తగా వాడినా పదేళ్లే గరిష్ఠ ఆయుష్షు అంటాయి, రోజూ ఎండలో వాడేవాటికి అంతకంటే చాలా తక్కువ. లేబుల్ చెరిగిపోయి చదవడానికి రాకపోతే దాన్ని కూడా ఒక సమాధానంగానే తీసుకోండి.

తర్వాత హుక్, దీన్నే క్యారబినర్ అంటారు. దాని వెన్ను మీద చిన్న అక్షరాల్లో బాణం గుర్తు, పక్కన ఒక అంకె, దాని వెనక కిలోన్యూటన్ గుర్తు చెక్కి ఉంటాయి. పొడవు వైపు కనీసం 20 ఉండాలి. ఒక కిలోన్యూటన్ సుమారు వంద కిలోల బరువుతో సమానం కాబట్టి 20 అంటే రెండు టన్నులు. ఏ గుర్తూ లేని హుక్కులు ఇనుప సామాన్ల దుకాణంలో దొరుకుతాయి, వాటికి మనిషి ప్రాణం అప్పగించలేం. హుక్ తగిలించాక దాని గేటు మీద బొటనవేలితో లోపలికి నొక్కండి. లాక్ తిప్పి ఉంటే కదలదు, తెరుచుకుంటే గైడ్‌ని పిలవండి. పిల్లలకి కూడా ఇది నేర్పితే తమ హుక్ తామే నొక్కి చూసుకుంటారు.

మనిషికీ కేబుల్‌కీ మధ్య రెండు బంధాలు ఉండాలి. ఒకటి ట్రాలీకి తగిలించిన ప్రధాన పట్టీ, రెండోది దానికి విడిగా ఉండే బ్యాకప్ పట్టీ. ఒకటి తెగితే రెండోది పట్టుకుంటుంది. 2025 జూన్‌లో మనాలిలో ఒక బాలిక జిప్‌లైన్ నుంచి పడి తీవ్రంగా గాయపడింది. 'ఒక్కటి చాలు సార్, ఏం కాదు' అనే మాట వినిపిస్తే అక్కడితో ఆపేయండి.

కేబుల్ చివర ప్లాట్‌ఫాం దగ్గరే కనిపిస్తుంది. తుప్పు, తెగి లేచిన తీగలు ఉన్నాయేమో చూడండి. హెల్మెట్ గడ్డం పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, తల ఊపితే హెల్మెట్ కదలకూడదు. చివరగా, ఒక గైడ్ తగిలించినదాన్ని రెండో గైడ్ వచ్చి మళ్లీ తడిమి చూస్తున్నాడా? మంచిచోట ప్రతి మనిషికీ అలా చూస్తారు. ఆ అలవాటున్న చోటికి కొంచెం ఎక్కువ డబ్బు పెట్టినా నష్టం లేదు.

ఎవరు ముందు, ఎవరు చివర

పెద్దవాళ్లు ఇద్దరుంటే నాన్న ముందు, అమ్మ చివర, లేదా అటూఇటూ. అవతలి ఒడ్డున చేతులు చాచి నిలబడ్డ తెలిసిన మొహం కనిపిస్తే పిల్లలు ధైర్యంగా వస్తారు. ఇవతలివైపు పిల్లల పట్టీలు చూడటానికి ఒకరుండాలి. పిల్లల్లో భయపడేవాళ్లని మధ్యలో పంపండి. చివరికి మిగిలితే ఎదురుచూపుల్లోనే భయం రెట్టింపవుతుంది.

గాల్లో

ప్లాట్‌ఫాం మీద నుంచి దూకకూడదు. మోకాళ్లు వంచి, కుర్చీలో కూర్చున్నట్టు బరువంతా హార్నెస్‌కి ఇచ్చేస్తే అదే కదులుతుంది. చేతులు పట్టీ మీదో, హ్యాండిల్ మీదో ఉండాలి, కేబుల్ మీదికి పోకూడదు. చేత్తో ఆపుకునే లైనైతే గ్లౌజు వేసుకున్న చెయ్యి ట్రాలీకి వెనకవైపే ఉండాలి, ముందు పెడితే చక్రాల కింద నలుగుతుంది. తేలికైన పిల్లలు మోకాళ్లు ఛాతీకి ముడుచుకుంటే గాలి తక్కువ తగిలి వేగంగా వెళ్తారు. బరువున్న పెద్దవాళ్లు కాళ్లూ చేతులూ కాస్త చాపితే వేగం తగ్గుతుంది. పక్కకి తిరిగిపోతుంటే కంగారు పడకుండా చూపు అవతలి ప్లాట్‌ఫాం మీద పెట్టండి. దిగేముందు కాళ్లు ముందుకి ఎత్తి, మోకాళ్లు కొంచెం వంచి ఉంచాలి. బిర్రుగా చాపిన కాళ్లే చీలమండల దగ్గర దెబ్బతింటాయి. పూర్తిగా ఆగి, గైడ్ చెప్పేదాకా ఏ హుక్కూ ముట్టుకోవద్దని పిల్లలకి గట్టిగా చెప్పండి.

మధ్యలో ఆగిపోతే

ఇది తరచూ జరిగేదే, ప్రమాదం కాదు. ఆగిపోయిన పిల్ల దృష్టిలో మాత్రం లోయ మీద తనొక్కతే ఉంటుంది కాబట్టి ముందే ఆడించినట్టు నేర్పాలి. అవతలి వైపుకి వీపు పెట్టి, గ్లౌజు చేతులతో తల వెనక కేబుల్ పట్టుకుని, ఒక చెయ్యి తర్వాత ఒక చెయ్యి వేస్తూ తన్ను తాను లాక్కోవాలి. చేతకాకపోతే చేతులు కట్టుకుని కూర్చోమనండి, గైడ్ వచ్చి తీసుకెళ్తాడు. ఆ కాసేపు కాళ్లు ఆడిస్తూ ఉండాలి. కదలకుండా చాలాసేపు వేలాడితే కాళ్లలో రక్తం నిలిచి కళ్లు తిరుగుతాయి. ఒడ్డున ఉన్న మీరు అరవకండి. మామూలు గొంతుతో ఏదైనా కబురు చెబుతూ ఉండండి.

ఉరుము వినిపించిందంటే క్యూలో మీ వంతు వచ్చినా ఎక్కొద్దు. కొండ మీద బారుగా కట్టిన ఉక్కు తాడు అది. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. గైడ్ తొందరపెట్టినా ఆగాలి.

అంచున నిలబడి వద్దంటే

పిల్లో, భార్యో, మావగారో అక్కడిదాకా వచ్చి వద్దన్నారనుకోండి. ఒక్కసారి అడగండి, 'గైడ్‌తో కలిసి వెళ్తావా?' అని. మళ్లీ వద్దంటే అంతే, చెయ్యి పట్టుకుని మెట్ల మీదుగా కిందికి తీసుకురండి. ఎవరినీ వెనకనుంచి తోయనివ్వకండి, తోయడం సరదా అనుకునే గైడ్లు ఉంటారు. 'నీకోసం ఇంత డబ్బు పోశాం' అనే మాట ఆ రోజంతా ఎవరి నోటినుంచీ రాకూడదు. చాలాచోట్ల కిందే తాళ్లు పట్టుకుని నడిచే చిన్న రోప్ కోర్సో, పొట్టి లైనో ఉంటుంది, అది చూపించి 'ఇది చేద్దామా' అంటే చాలామంది పిల్లలు ఒప్పుకుంటారు. దిగివచ్చిన పిల్లలు అన్నయ్య రెండోసారి వెళ్లడం చూసి తామే మళ్లీ అడగడం కూడా జరుగుతుంది. అడిగితే పంపండి, అడగకపోతే గుర్తుచేయకండి.

దిగాక పిల్లల తొడలు, భుజాలు ఒకసారి చూడండి. పట్టీల ఎర్రటి గుర్తులు సాయంత్రానికి పోతాయి. మెడ నొప్పి, తలనొప్పి, వాంతి ఉంటే ఆ రోజు మిగతా కార్యక్రమాలు ఆపేసి డాక్టరుకి చూపించండి. అవసరమైతే 108కో, 112కో ఫోన్ చేయండి. అక్కడ ఏదైనా పట్టీ పాతబడి కనిపించినా, రెండో హుక్ లేకుండా పంపుతున్నా ఫొటో తీసి ఆ జిల్లా పర్యాటక శాఖకి రాయండి. మీ తర్వాత ఆ ప్లాట్‌ఫాం ఎక్కే పిల్లలున్నారు.